అత్తయ్య సున్నిపిండి, సీమ సబ్బు

మొన్న వేసవి సెలవులకి మా మనవరాలు వచ్చింది. అమ్మాయి కూతురు, పదహారేళ్ళది. దాని పెట్టెలో బట్టలకన్నా సీసాలూ, గొట్టాలూ ఎక్కువున్నాయి. పొద్దున్నే మొహం కడుక్కోవడానికని స్నానాలగదిలోకి వెళ్ళిన పిల్ల అరగంటకి గాని ఇవతలికి రాదు. వచ్చాక చూస్తే ఎవరో రెండు చెంపలూ వాయించినట్టు మొహమంతా ఎర్రగా కంది ఉంటుంది.

"ఇదేమిటే తల్లీ?" అన్నాను.

"నాది సెన్సిటివ్ స్కిన్ అమ్మమ్మా. ఏది రాసినా మండుతుంది."

"మండేది ఎందుకు రాస్తున్నావే మరి?"

"మండనిదేదో తెలియాలంటే అన్నీ రాసి చూడాలిగా!"

తర్కం బాగానే ఉంది. లాయరు మనవరాలు కదా, తాతగారి పోలిక ఎక్కడికి పోతుంది! అంతటితో ఊరుకుందా అంటే, లేదు. దగ్గరికొచ్చి మెడచుట్టూ చేతులు వేసి, "మీ చిన్నప్పుడు సబ్బులూ గిబ్బులూ లేకుండా సున్నిపిండే వాడేవారటగా? అదైతే నేచురల్, ఏమీ చెయ్యదు. నాకూ చేసిపెట్టవూ?" అంది.

సున్నిపిండి మాట వినేసరికి నా చెయ్యి నాకు తెలియకుండానే ఎడమ చెంప మీదికి పోయింది. అక్కడిప్పుడు ముడతలు తప్ప ఏమీ లేవు. యాభై ఏళ్ళ కిందట ఉండేది.

ఆ సంగతి చెప్పాలంటే ముందు మా అత్తయ్య గురించి చెప్పాలి. మా నాన్నగారి అక్కగారు. పద్ధెనిమిదేళ్ళకే పసుపుకుంకాలు పోగొట్టుకుని పుట్టింటికి చేరింది. ఆవిడకి జీతం లేని కొలువులు ఎన్నో ఉండేవి మా ఇంట్లో. వాటిలో సున్నిపిండి ఒకటి. పెసలు, శనగపప్పు, గుప్పెడు బియ్యం, వట్టివేళ్ళు, కచ్చూరాలు, గంధకచ్చూరాలు, తుంగముస్తెలు, నీడలో ఎండిన గులాబిరేకులు, కస్తూరిపసుపు, బావంచాలు. ఒక్కొక్కటీ విడిగా ఎండబెట్టి, తిరగట్లో విసిరి, పల్చటి గుడ్డలో వస్త్రకాళితం పట్టి, ఇత్తడి డబ్బాకి ఎత్తేది. ఆ డబ్బా మూత తీస్తే వీధి గుమ్మం దాకా వాసన వచ్చేది. నలుగుపిండి ఎంత పాతదంటే, పార్వతీదేవి ఒంటి నలుగుతోనే కదా మన వినాయకుడు పుట్టాడు! సబ్బు అనే మాట మాత్రం మనది కాదు. అరబ్బీ సాబూన్‌కీ, పోర్చుగీసు సబావ్‌కీ అది చుట్టం. బట్టలకి చాకలివాళ్ళ చౌడుమట్టి, తలకి కుంకుడుకాయ, ఒంటికి సున్నిపిండి. ఇంటికి ఈ మూడూ ఉంటే సరిపోయేది.

1974లో నాకు పంతొమ్మిదో ఏడు. కాకినాడ నుంచి ఒక సంబంధం వచ్చింది. పిల్లవాడు ఇంజనీరు. నెల్లాళ్ళలో పెళ్ళిచూపులు. నేను మరీ నలుపు కాదు గాని, చామనఛాయ. మా అమ్మకి దిగులు పట్టుకుంది. అత్తయ్య ఆ దిగులు తన నెత్తిన వేసుకుంది. "బావంచాలు కాస్త ఎక్కువ వేస్తే నిగారింపు వస్తుంది, చూస్తూ ఉండు" అని రోజూ గుప్పెడు బావంచాలు పాలల్లో నానేసి, సున్నిపిండితో కలిపి మెత్తగా నూరి, నా మొహానికి దట్టంగా పట్టించేది. పట్టించి పెరట్లో పీట వేసి ఎండలో కూర్చోబెట్టేది. "ఆరేదాకా కదిలావంటే ఊరుకోను" అనేది. నేనూ కదలలేదు. పెళ్ళి కావలసిన పిల్లని కదా.

పదిరోజులకి చెంపలు భగభగా మండడం మొదలెట్టాయి. "మందు పనిచేస్తోంది" అంది అత్తయ్య. పన్నెండో రోజుకి పొక్కులు లేచాయి. అవి ఆరాక ఎడమ చెంప మీద అరచెయ్యంత, కుడివైపు, నుదుటి మీద మరో రెండు బొగ్గులాంటి నల్లమచ్చలు తేలాయి.

పెళ్ళివారు రానే వచ్చారు. బజ్జీలు తిన్నారు, కాఫీ తాగారు, నా చేత ఒక కీర్తన పాడించుకున్నారు. వారం తిరక్కుండా ఉత్తరం వచ్చింది, జాతకాలు కుదరలేదని. అంతకుముందు జాతకాలు కుదిరాయనే కదా వచ్చింది!

కాకినాడలో ఒక చర్మవైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళారు నాన్నగారు. ఆయన "మొహానికి ఏం రాశారమ్మా?" అని అడిగి, నేను ఒక్కొక్కటే చెబుతుంటే రాసుకుంటూ బావంచాల దగ్గర కలం ఆపేశాడు. "రాసుకుని ఎండలో గాని కూర్చున్నావా?" అన్నాడు. కూర్చున్నానన్నాను. ఆయన నిట్టూర్చి, ఎండలోకి వెళ్ళొద్దు, మొహానికి ఏదీ రాయొద్దు, నల్లదనం దానంతటదే పోతుంది గాని టైము పడుతుందన్నాడు. నాకు ఏడాది పట్టింది. ఇంటికొచ్చాక నాన్నగారు అందరిముందూ అత్తయ్యని నానామాటలూ అన్నారు. "పిల్ల బతుకు బుగ్గి చేశావు" అన్నారు. ఆవిడ ఏమీ మాట్లాడలేదు. ఆ సాయంత్రం ఇత్తడి డబ్బా అటకెక్కింది. మళ్ళీ దించలేదు. నేనూ ఆవిడ తరఫున ఒక్క మాట అనలేదు. ఆ కోపం నాలో చాలాకాలమే ఉంది.

బావంచాల గింజల్లో సోరలిన్ అనే పదార్థం ఉంటుంది. అది చర్మానికి పట్టి ఉండగా ఎండలోని అతినీలలోహిత కిరణాలు తగిలితే, చర్మకణాలు కాలినట్టు దెబ్బతింటాయి. తర్వాత అక్కడ నల్లరంగు పేరుకుంటుంది. ఆ రంగు పేరుకోవడం కోసమే మన వైద్యులు తరతరాలుగా బొల్లిమచ్చలకి బావంచాలు వాడేవారు. అంటే నల్లబరిచే గింజని తెల్లబరుస్తుందనుకుని రాశామన్నమాట! ఈజిప్టులో నైలునది ఒడ్డున పెరిగే ఒక కలుపుమొక్కలోనూ ఇదే జాతి పదార్థం ఉంది. కైరోలో డాక్టర్ ఎల్ మోఫ్టీ 1940ల్లో దాన్ని బొల్లి రోగులకి శాస్త్రీయంగా వాడి చూశాడు. ఇక నేను చదివి నిర్ఘాంతపోయిన సంగతి ఒకటుంది. 1974లోనే, సరిగ్గా నేను పీట మీద కూర్చున్న ఏడాదే, అమెరికాలో బోస్టన్ డాక్టర్లు సోరలిన్ జాతి మాత్ర ఇచ్చి, లెక్కప్రకారం ఆ కిరణాలు తగిలించి సోరియాసిస్‌ని తగ్గించవచ్చని ప్రకటించారు. ఆ నలుగురిలో పాఠక్ అనే మన భారతీయుడు కూడా ఉన్నాడు. వాళ్ళకి కొలత ఉంది, గడియారం ఉంది. మా అత్తయ్యకి గుప్పెడూ, పెరడూ ఉన్నాయి.

అన్నట్టు, నిమ్మతొక్కలోనూ, అంజూరపు పాలలోనూ ఈ జాతి సరుకే ఉంది. నిమ్మచెక్క మొహానికి రుద్దుకుని కూరల బజారుకి బయల్దేరే వాళ్ళు మీలో ఉంటే కాస్త ఆగండి.

అదలా ఉంచండి. సున్నిపిండి మీద అలిగి నేను సబ్బు పక్షం చేరాను. అదీ మామూలు సబ్బు కాదు. గాజుముక్కలా అవతలి వెలుతురు కనబడే పియర్స్. మచ్చలు పడ్డ మొహానికి అంతకన్నా మెత్తనిది లేదని మా వదిన చెప్పింది. దాని కథ కూడా ఆడవాళ్ళ మొహాల దగ్గరే మొదలైంది. ఆండ్రూ పియర్స్ ఇంగ్లండులో కార్న్‌వాల్ ప్రాంతపు రైతుబిడ్డ. లండన్ వచ్చి సోహోలో మంగలి దుకాణం పెట్టాడు. గొప్పింటి స్త్రీలు తెల్లగా కనబడటానికి నానా పొడులూ పూసుకుని, అవి వదిలించుకోవడానికి ఘాటైన సబ్బులు రుద్దుకుని చర్మం పాడుచేసుకోవడం చూశాడు. 1807లో, మలినాలు తీసేసిన మెత్తటి పారదర్శకమైన సబ్బు తయారుచేశాడు. సున్నితమైన చర్మానికి సున్నితమైన సబ్బు అనే ఆలోచనకి అప్పుడే రెండువందల ఏళ్ళు దాటాయన్నమాట.

తర్వాత ఆ కంపెనీలోకి థామస్ బారట్ అనే మహానుభావుడు వచ్చాడు. ప్రకటనల విద్యకి తాతలాంటివాడు. మిలే అనే చిత్రకారుడు గీసిన సబ్బుబుడగల కుర్రాడి బొమ్మని ఆయన సబ్బు ప్రకటన చేసి ఊరూరా అంటించాడు. అంతవరకూ ముచ్చటే. కాని నల్లపిల్లవాణ్ణి తొట్టిలో కూర్చోబెట్టి ఈ సబ్బుతో తోమితే తెల్లవాడైపోయినట్టు కూడా బొమ్మలు వేయించారు. చర్మం శుభ్రం కావడం వేరు, తెల్లబడటం వేరు. ఈ రెంటినీ ఒక్క సీసాలో పోసి అమ్మిన పాపం ఆ ప్రకటనల్లో చాలా ఉంది. మా అత్తయ్య ఆ బొమ్మలు చూడలేదు పాపం, కాని మా ఇంటి పెరట్లో కూడా అదే భ్రమ పీట వేసుకుని కూర్చుంది. ఆ మరుసటేడే, 1975లో, మన దేశంలో ఫెయిర్ అండ్ లవ్లీ అమ్మకానికి వచ్చింది. దాని పేరులోంచి 'ఫెయిర్' తీసేసి 'గ్లో' పెట్టడానికి 2020 దాకా పట్టింది.

సీమ సబ్బు మన దేశంలోకి వచ్చిన కాలం గురించి చెప్పుకుంటే సరదాగా ఉంటుంది. 1888లో కలకత్తా రేవులో సన్‌లైట్ సబ్బుల పెట్టెలు దిగాయి. 1895లో లైఫ్‌బాయ్, 1929లో లక్స్ వచ్చాయి. 1941లో లీలా చిట్నిస్ బొమ్మతో లక్స్ ప్రకటన వేశారు. మన సినిమాతారలు ఆ సబ్బుకి ఎక్కడం అక్కడ మొదలు. కాని మడిగల ఇళ్ళలో సబ్బుకి ప్రవేశం అంత తేలిగ్గా దొరకలేదు. "అందులో గొడ్డుకొవ్వు ఉంటుందే" అనేది మా నాయనమ్మ. ఆవిడ అన్నది అబద్ధం కాదు. జంతువుల కొవ్వుతోనే చాలా సబ్బులు చేసేవారు. తాళాలకీ, ఇనప్పెట్టెలకీ పేరుపడ్డ ఆర్దెషిర్ గోద్రెజ్ 1918 ప్రాంతాల్లో కొవ్వు లేకుండా మొక్కల నూనెలతో సబ్బు చెయ్యడం మొదలెట్టాడు. మొదట వచ్చిన సబ్బుకి 'నంబర్ టూ' అని పేరు పెట్టాడట, నంబర్ వన్ ఇంకెంత బాగుంటుందోనని జనం అనుకోవాలని! మైసూరులో మొదటి ప్రపంచయుద్ధం వల్ల గంధపుచెక్క ఎగుమతి ఆగిపోతే, మహారాజావారు 1916లో గంధపునూనె తీసే కర్మాగారం పెట్టించారు. శాస్త్రిగారొకరిని ఇంగ్లండు పంపి విద్య నేర్పించి సబ్బు చేయించారు. అదే మైసూర్ శాండల్. ఆ సబ్బు మా ఇంట్లో చుట్టాలొస్తేనే పెట్టెలోంచి బయటికొచ్చేది. మా నాయనమ్మ కూడా చేతులు కడుక్కున్నాక వాసన చూసుకునేది, ఎవరూ చూడకుండా.

ఇంతకీ సబ్బుపక్షం చేరిన నా మొహం ఏమైందంటారా? పెళ్ళయి (కాకినాడ కాదు లెండి, ఏలూరు సంబంధం) కాపురానికి వెళ్ళిన చోట ఉప్పునీళ్ళ బోరు. ఎంత రుద్దినా నురగ రాదు, జిడ్డు మాత్రం చర్మాన్ని వదలదు. మొహం కడుక్కోగానే తోలు బిగదీసి కట్టినట్టుండేది. గోటితో గీస్తే తెల్లటి గీత. అంత మంచి సబ్బుకి ఇదేం రోగం అనుకునేదాన్ని.

దానికి సమాధానం జర్మనీలో కీల్ అనే ఊళ్ళో ఎప్పుడో దొరికింది. 1928లో షాడె, మార్కియోనిని అనే ఇద్దరు వైద్యులు, ఆరోగ్యమైన చర్మం పైన పల్చటి ఆమ్లపు పొర ఉంటుందని, అది మనకి కవచంలాంటిదని ప్రకటించారు. (ఆ మార్కియోనిని నాజీల కాలంలో, 1938లో, దేశం విడిచి టర్కీలోని అంకారా వెళ్ళి అక్కడ పదేళ్ళు పాఠాలు చెప్పాడు. సున్నితమైన చర్మం గురించి చెప్పినవాడికి కాలం అంత సున్నితంగా లేదు.) పులుపునీ క్షారాన్నీ కొలిచే 'పి.హెచ్.' అనే కొలత అంతకుముందే, 1909లో, డెన్మార్కులో ఒక బీరు కంపెనీ ప్రయోగశాలలో పుట్టింది. నీళ్ళది 7. అంతకు తగ్గితే ఆమ్లం, పెరిగితే క్షారం. మన చర్మానిది ఇంచుమించు 5. నూనెనీ క్షారాన్నీ కలిపి చేసే సబ్బు ఏదైనా సరే 9, 10 మధ్య ఉంటుంది. ఒక్కొక్క మెట్టుకీ పదింతల తేడా కాబట్టి, నాలుగు మెట్లంటే పదివేల రెట్లు. గట్టి చర్మమైతే కొన్ని గంటల్లో తేరుకుంటుంది. నాలాంటివాళ్ళ చర్మం తేరుకునేలోపలే మళ్ళీ మొహం కడిగేస్తాం. పైగా ఉప్పునీళ్ళలోని సున్నంతో సబ్బు కలిసి తెట్టు కట్టి చర్మాన్నే అంటుకుని ఉంటుంది. నేను తిట్టుకోవలసింది పియర్స్‌ని కాదు, మొత్తం సబ్బుజాతినీ, మా బోరుబావినీను.

సబ్బు కాని సబ్బు యుద్ధాల పుణ్యమా అని వచ్చింది. మొదటి ప్రపంచయుద్ధంలో జర్మనీలో కొవ్వులకి కరువొచ్చి, కొవ్వు లేకుండా మురికి వదిలించే రసాయనాల కోసం వెతికారు. ఆ దారిలో తర్వాత దొరికిన మెత్తటి రకాలతో 1957లో అమెరికాలో డవ్ బిళ్ళ వచ్చింది. చూడటానికి సబ్బే, జాతికి సబ్బు కాదు, క్షారగుణం లేదు. 1947లోనే టెక్సాస్‌లో సెటాఫిల్ అనే నురగరాని ద్రవం వచ్చింది. నురగ లేకపోతే శుభ్రం కానట్టు మనకి అనిపిస్తుంది గాని, నురగకీ శుభ్రానికీ పెద్ద సంబంధం లేదు.

ఇదంతా మనవరాలికి రెండు రోజులు విడతలు విడతలుగా చెప్పాను. మూడోరోజు మధ్యాహ్నం ఇద్దరం దాని సీసాలన్నీ మంచం మీద పోసుకుని కూర్చున్నాం. నా కళ్ళజోడు పెట్టుకుని అదే చదివింది, చిన్న అక్షరాలు కదా. 'సోడియం లారిల్ సల్ఫేట్' అని ఉన్న సీసాని పక్కకి నెట్టించాను. చర్మానికి కావాలని మంట పుట్టించి పరీక్షలు చేసేటప్పుడు డాక్టర్లు వాడే సరుకు అదే. 'ఫ్రాగ్రెన్స్' అని ఉన్నవి ఇంకో పక్కకి. ఆ ఒక్క మాట వెనక ఎన్ని సుగంధాలు దాక్కున్నాయో పైకి చెప్పరు. పడనివాళ్ళకి అందులో ఏది పడలేదో తేలదు. గరుకు పలుకులున్న స్క్రబ్బు చూస్తే, బరకగా విసిరిన శనగపిండిని తిట్టే మా అత్తయ్య గుర్తొచ్చింది. అదీ పోయింది. "టి.ఎఫ్.ఎం. 76 అని ఉంది అమ్మమ్మా, ఇది మంచిదేగా?" అని ఒక బిళ్ళ చూపించింది. ఆ అంకె సబ్బులో కొవ్వు పదార్థం ఎంతో చెబుతుంది. మన దేశపు ప్రమాణాల్లో 76 ఉంటే మొదటి తరగతి, 70 అయితే రెండోది, 60 అయితే మూడోది. నాసిరకం కాదని తెలుసుకోవడానికి పనికొస్తుంది, కాని మొదటి తరగతి సబ్బు కూడా సబ్బే. ఒంటికి వాడుకో, మొహానికొద్దు అన్నాను.

"అయితే పి.హెచ్. 5 ఉంటే చాలా?" అంది. చాలదు. కుంకుడుకాయ రసానిదీ ఆమ్లగుణమే, కళ్ళలో పడితే నోట్లో ఉప్పుగల్లు వేసుకుని ఇల్లెగిరిపోయేలా ఏడ్చేవాళ్ళం కాదూ! ఉన్న వస్తువులేమిటో కూడా చూడాలి. ఎన్ని తక్కువుంటే అంత మంచిది. చివరికి మిగిలింది ఒకే ఒక్క సీసా. వాసన లేదు, రంగు లేదు, నురగ అంతంతమాత్రం. ధర కూడా మిగతావాటిలో సగమే. అది కొన్నానన్న సంగతే మర్చిపోయిందట.

అదీ నేరుగా మొహానికి రాయనివ్వలేదు. పడనిది ఏదో కనిపెట్టడానికి ఒంటి మీద చిన్నమేర అంటించి చూసే పద్ధతిని 1895లోనే యాడాసోన్ అనే డాక్టరు చెప్పాడు. ఇంట్లో మనం చేసుకోగలిగింది దానికి చిన్న తమ్ముడు. మోచేతి లోపలివైపు రూపాయి బిళ్ళంత మేర రోజుకి రెండుసార్లు రాసి, కొద్ది నిమిషాలుంచి, గోరువెచ్చటి నీళ్ళతో కడగడం. వారం, పదిరోజులు చూడాలి. దురదా, ఎరుపూ లేకపోతేనే మొహం దాకా. అప్పటికీ మొహం ఎర్రబడటం తగ్గకపోతే అది సీసాల సంగతి కాదు, డాక్టరుగారి దగ్గరికి వెళ్ళవలసిన సంగతి.

"పదిరోజులా! అప్పటిదాకా?" అని మూతి ముడిచింది.

"అప్పటిదాకా ఉత్త నీళ్ళు. నాకు ఏడాది ఉత్త నీళ్ళే."

కాసేపు నా చెంపకేసి చూసింది. "ఆవిడ మీద కోపం పోయిందా అమ్మమ్మా?" అని అడిగింది.

పోయింది, కాని ఆవిడ ఉండగా ఆ మాట చెప్పలేకపోయాను. 1989లో పోయింది అత్తయ్య. ఇల్లు అమ్మేటప్పుడు అటక మీద సామాను దించితే ఇత్తడి డబ్బా దొరికింది. మూత ఊడిరాలేదు. చింతపండుతో తోమించి నాతో తెచ్చుకున్నాను. అందులో ఇప్పుడు యాలకులు పోసుకుంటున్నాను.

మనవరాలు లేచి వెళ్ళి ఆ డబ్బా తెచ్చి మూత తీసి వాసన చూసింది. "యాలకుల వాసనేగా" అంది. నాకు మాత్రం అడుగున ఇంకా కచ్చూరాల వాసనే వస్తుంది. సాయంత్రం ఇద్దరం కూర్చుని పెసలూ, బియ్యం, గులాబిరేకులూ మాత్రం తీసి ఎండబెట్టాం, దాని కాళ్ళకీ చేతులకీ. బావంచాల జోలికి పోలేదు. మిక్సీలో వేస్తానంది. వద్దని, పక్కింటివాళ్ళ తిరగలి అడిగి తెమ్మన్నాను.